పచ్చడి జాడీలో వానపాములు

మొన్న మా మనవరాలు మేడమీద కుండీల కోసం ఒక సంచీ ఎరువు కొనుక్కొచ్చింది. సంచీ మీద నిగనిగలాడే టమాటాల బొమ్మ, లోపల టీపొడిలాంటి నల్లటి పొడి. కత్తెరతో మూతి కోసి కుండీలో గుమ్మరించగానే అందులోంచి ఒక వానపాము జారిపడి మెలికలు తిరిగింది. పిల్ల కుర్చీ ఎక్కింది. నేను దాన్ని అరచేతిలోకి తీసుకుని, ఇదీ ఒక వానపామేనా, మా పెద్దమ్మ పెరట్లో ఒక్కోటి మూరెడు ఉండేది, రెండు కలిపి పేనితే దూడను కట్టెయ్యొచ్చు అన్నాను. కుర్చీ మీద నుంచే ఆ పిల్ల నన్నొక చూపు చూసింది. సరే, జానెడు. అదీ సాగదీస్తే.

కానీ ఆ తడిమట్టి వాసన, అరచేతిలో చల్లగా జరిగిన ఆ కదలిక నన్ను తిన్నగా నా చిన్నతనంలోకి పట్టుకుపోయాయి. చిన్నతనమంటే లాగూ జారిపోయే రోజులనుకునేరు. నాకప్పుడు యాభై దాటాయి. జుట్టు సగం నెరిసింది, పేపరు చదవాలంటే కళ్ళజోడు కావాలి, నా పిల్లలిద్దరూ కాలేజీలో ఉన్నారు. అయినా ఆ కాలాన్ని నేను చిన్నతనమనే అంటాను. అప్పుడు నేను మా పెద్దమ్మ ఇంట్లో ఉన్నాను, ఆవిడ దృష్టిలో నాకు ఎప్పుడూ ఏడేళ్ళే. పొద్దున్నే లేవకపోతే దుప్పటి లాగేసేది. బజారుకు వెళ్తుంటే ఆపి చొక్కా గుండీలు సరిచేసేది. జంతికల డబ్బా అటక మీద పెట్టి, నేను ఎక్కుతానని స్టూలు దాచేది. నేను బియ్యం బస్తా మీద ఎక్కి తీసుకునేవాణ్ణి. మోకాళ్ళు కలుక్కుమనేవి గానీ, ఆ జంతికల రుచి స్టూలు ఎక్కి తీసుకున్నవాటికి ఉండదు.

నేనప్పుడు గుంటూరులో ఒక పత్తి మిల్లులో గుమాస్తాను. అంతకు ముందటి ఏడు పత్తికి పురుగు పట్టింది. ఎన్ని మందులు మార్చి కొట్టినా చావలేదు. మిల్లుకు రావలసిన సరుకు రాక, యజమాని తలుపులు మూసి, కబురు పెట్టేదాకా ఎవరూ రావద్దన్నాడు. కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుని మా ఆవిడ వంటకు సలహాలు ఇచ్చాను. ఒకరోజు ఆవిడ నా బట్టలు సంచీలో సర్ది, మీ పెద్దమ్మ ఒంటరిగా ఉంటోంది కదా, వెళ్ళి నాలుగు రోజులు ఉండి రండి అంది. ఆ నాలుగు రోజులు శ్రావణంలో మొదలై కార్తీకం దాటేదాకా సాగాయి. పెద్దమ్మ ఊళ్ళో ఎస్టీడీ బూతు ఉండేది. మా ఆవిడ దానికి ఒక్కసారి కూడా ఫోను చేసి రమ్మనలేదు.

ఆ ఊరు పొదిలి వెళ్ళే దారిలో. ఒకవైపు మిరప, ఒకవైపు పత్తి, మధ్యమధ్య పొగాకు కాల్చే బ్యారన్లు. బస్సు దిగగానే ఏ నెల నడుస్తోందో ముక్కే చెప్పేసేది. ఎండాకాలం కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు కండక్టరు తుమ్మిగానీ టిక్కెట్టు ఇచ్చేవాడు కాదు. బ్యారన్లు కాలే రోజుల్లో పొగాకు తియ్యటి మగత వాసన. నేను వెళ్ళిన ఆ శ్రావణంలో మాత్రం అన్నిటి మీదా ఒకటే వాసన, పురుగుమందుది. మజ్జిగ గ్లాసు ఎత్తినా అదే, ఆరేసిన పంచె మడతపెట్టినా అదే.

పెద్దమ్మ ముక్కు మరీ పాపిష్టిది. బజారు నుంచి తెచ్చిన వంకాయను ముక్కు దగ్గర పెట్టుకుని, దీనికి మొన్ననే కొట్టారని పక్కన పడేసేది. బెండకాయ సంగతీ అంతే. చివరికి పప్పు, పచ్చడి, ఎండురొయ్యలతో రోజులు వెళ్ళదీస్తోంది. ఒకప్పుడు ఆవిడ పెరట్లో కాయని కూర లేదు. నేను నిజంగా ఏడేళ్ళవాణ్ణిగా ఉన్నప్పుడు ఆ పెరట్లో సొరకాయ మీద కూర్చుని అన్నం తిన్నాను. కూర్చోలేదు, ఆనుకున్నాను. కానీ ఇంట్లోవాళ్ళు ఏళ్ళ తరబడి మందు కొట్టే డబ్బాలు ఆ పెరట్లోనే కడిగారు. నేల పైన తెల్లగా పెంకు కట్టింది, కింద పలుగు దిగనంత బిగిసింది. గోంగూర కూడా జానెడు లేచి ఎర్రబడి ఆగిపోయేది.

పక్క వాటాలో మా బాబాయి ఉండేవాడు, అంటే మా పెదనాన్న తమ్ముడు. అరవై దాటినా గళ్ళ లుంగీ ఎగ్గట్టి చేలో మూడు సాళ్ళు ఆగకుండా గొర్రు తోలగలడు. పెదనాన్న పోయాక పొలమంతా ఆయనే చేస్తున్నాడు. ఏ పైరు వెయ్యాలో, ఎప్పుడు అమ్మాలో అంతా ఆయన ఇష్టమే. పెద్దమ్మ మాట చెల్లే నేల ఆ పెరడు ఒక్కటే మిగిలింది. ఇప్పుడు ఆయన కన్ను దానిమీద పడింది. అంతా సిమెంటు చేయించి మిరపకాయలు ఆరబోసే కల్లం చేద్దామని ఆయన ఆలోచన. మట్టి అంటదు, కాయ రంగు నిలుస్తుంది. ఆయన చెప్పిందీ తప్పు కాదు. ఎటూ ఏమీ మొలవడం లేదు కదా వదినా అని రోజూ అడిగేవాడు.

పెద్దమ్మ చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది.

"కార్తీకం వెళ్ళేదాకా ఆగు అబ్బాయ్. ఈలోపు ఒక పూట కూరకు సరిపడా కాసిందా, పెరడు నాది. కాయలేదా, నీ సిమెంటు నువ్వు పోసుకో."

ఆ రాత్రి ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు. నాకు అది చాలు. పేపర్లో ఒక మూల పడ్డ ముక్క ఒకటి అంతకుముందే చదివి ఉన్నాను. నేల చచ్చిపోతే దాని జోలికి పోకుండా, పైన ఇటుకలతో ఎత్తుగా మళ్ళు కట్టి, మంచి మట్టి నింపి, అందులో వానపాములు వదలాలట. వినుకొండ దగ్గర ఒకాయన పాక కింద వాటిని పెంచుతున్నాడట. ఎత్తుమళ్ళు కట్టడం నాకు వెన్నతో పెట్టిన విద్య అని పెద్దమ్మతో చెప్పాను. నేనంతవరకు కట్టింది పత్తి బేళ్ళ మీద చీటీలు మాత్రమే.

ఇటుకలు పొలం గట్టున కూలిపోయిన పాత బ్యారన్‌వి. బాబాయే నవ్వుతూ తీసుకోమన్నాడు. ఏళ్ళ తరబడి పొగ తాగిన ఆ ఇటుకల్ని తడిపితే చుట్ట వాసన వచ్చేది. చెరువు మట్టి, మాగిన పేడ, రాలిన ఆకు కలిపి నింపాం. పదహారు మళ్ళు కట్టానని మా ఆవిడకు ఉత్తరం రాశాను. నాలుగు. అందులో ఒకటి వంకర.

ఇక వానపాములు. ఊరికే అడిగి పుచ్చుకుంటే బాగుండదని, పెద్దమ్మ నిద్రలో ఉండగా అటక మీది పండుమిరపకాయ పచ్చడి జాడీ ఒకటి దించి చంకన పెట్టుకుని మొదటి బస్సు ఎక్కాను. వినుకొండ ఆయన మంచివాడు. పచ్చడి వాసన చూడగానే ఇంకా మంచివాడయ్యాడు. వానపాములకు నీడ కావాలి, చెమ్మ కావాలి, ఎండ తగలకూడదు, ముఖ్యంగా ఏవేవో దరిదాపులకు రానివ్వకూడదు అని చెబుతున్నాడు. నేనా సమయంలో నాకు పదెకరాల మామిడితోట ఉందని చెప్పే పనిలో ఉన్నాను. నాకు గుంటూరులో అద్దె ఇల్లు తప్ప ఏమీ లేదు. ఆ ముఖ్యమైన మాట అట్లా నా చెవి పక్కనుంచి వెళ్ళిపోయింది.

తీసుకెళ్ళడానికి వేరే పాత్ర లేదు. పచ్చడి ఆయన గిన్నెలోకి వంపి, జాడీని పేడనీళ్ళతో రుద్ది రుద్ది కడిగి, పాత ఎరువూ వానపాములూ కలిపి నింపాడు. మూతికి గుడ్డ కట్టాడు. చూడ్డానికి అచ్చం పచ్చడి జాడీయే. తిరుగు బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి దాన్నే చూస్తున్నాడు. ఏం పచ్చడని అడిగితే పండుమిరప అన్నాను. గుడ్డ దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, "ఉప్పు తగ్గినట్టుందండి" అన్నాడు. ఇంకా ఊరాలన్నాను. దిగేటప్పుడు బస్సంతా నా చుట్టూ మూగి ముద్దలోకి నంజుకోడానికి అడిగారని చెబుదామనుకున్నాను గానీ, అడిగింది ఆయనొక్కడే.

ఇంటికొచ్చి జాడీ వంటింటి గడపలో పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాను. అదీ నేను చేసిన తప్పు. జాడీ కనబడక పొద్దుటి నుంచీ ఇల్లంతా వెతుకుతున్న పెద్దమ్మ, అది గడపలో ప్రత్యక్షమయ్యేసరికి సంతోషించి, నాకోసం అన్నం వడ్డించి, గుడ్డ విప్పి గరిటె పెట్టింది. గరిటెలో పచ్చడి కదిలింది.

ఇంకొకరైతే ఊరు లేచిపోయేలా అరిచేవారు. ఆవిడ గరిటె అట్లాగే పట్టుకుని, తొణక్కుండా పిలిచింది.

"చిన్నోడా, పచ్చడికి ప్రాణమొచ్చింది. వచ్చి చూడు."

వచ్చి చూశాను. గరిటె మొదట ఆ జీవాల్ని జాగ్రత్తగా జాడీలోకి దించింది, తర్వాత నా వీపు మీదికి వచ్చింది. యాభై దాటిన మనిషిని పెరటి చుట్టూ పరిగెత్తించింది. బాబాయి గోడమీద నుంచి చూస్తూ, ఇటు తిరుగు, అటు తిరుగు అని నాకు సాయం చేస్తున్నట్టే ఆవిడకు సాయం చేశాడు.

సాయంత్రం ఎండ దిగాక మళ్ళలో వానపాముల్ని వదిలాను. పెద్దమ్మ దూరంగా తులసికోట దగ్గర నిలబడి, తనకేం పట్టనట్టు చూసింది. మర్నాడు పొద్దున తడిపిన గోనెపట్టా ఎత్తి తొంగిచూసింది. ఇంకో రెండు రోజులకు వంకాయ నారు తెప్పించి తనే నాటింది. ఆ తర్వాత అరటితొక్కలు, కూరగాయ చెక్కులు చిన్న చిన్న ముక్కలు చేసి వేసి, వాళ్ళు తిన్నారో లేదో చూడరా అనేది. వాటిని ఎప్పుడూ 'వాళ్ళు' అనే అనేది. నేను మాత్రం రోజూ గోనె ఎత్తి, నిన్నటికి ఇవాళ్టికి రెట్టింపయ్యాయని ప్రకటించేవాణ్ణి. లెక్కపెట్టడానికి అవి ఒకచోట నిలబడితే కదా.

దసరా వెళ్ళాక చీమలు పట్టాయి. ఇటుకల సందుల్లోంచి బారులు కట్టి లోపలికి పోతున్నాయి. పెద్దమ్మకు అన్నం సహించలేదు. పురుగుపుట్రా రాకుండా ఆవిడకు తెలిసిన మందులు రెండు. కందిపప్పు డబ్బాలో ఎండుమిరపకాయలు వేస్తే పురుగు పట్టదు. బట్టల పెట్టెలో పొగాకు కాడ పెడితే పురుగు చేరదు. నేను బజారుకు వెళ్ళిన పూట, మిగిలిపోయిన తాలు మిరపకాయలు దంచి, దాంట్లో పొగాకు నుసి కలిపి, ఒక్కో మడి చుట్టూ ముగ్గు వేసినట్టు పోసింది. చీమలు లోపలికి పోకుండా మడి అంచుల మీద కూడా చల్లింది. పైన నీళ్ళు పెట్టింది. నేను వచ్చేసరికి చీమ ఒక్కటి లేదు. భలే పని చేశావు పెద్దమ్మా అని మెచ్చుకున్నాను కూడా.

తెల్లారి గోనె ఎత్తితే వానపాము కూడా ఒక్కటి లేదు.

చేత్తో కెలికాను. అరచెయ్యి మండింది. అప్పుడు గుర్తొచ్చింది వినుకొండ ఆయన మాట. కారం, పొగాకు వాటి దరిదాపులకు రానివ్వొద్దని చెప్పాడు. తప్పు నాదే, నేను వినలేదు అన్నాను. పెద్దమ్మ ఆ మాట పట్టించుకోలేదు. వంగ మొక్కలు పచ్చగా నిలబడే ఉన్నాయి గానీ, ఆవిడ మనసు విరిగిపోయింది.

"చుట్టాలు చెప్పకుండా లేచి వెళ్ళిపోయారంటే ఆ ఇంట్లో ముద్ద దిగలేదనే కదరా. బాబాయికి చెప్పు, సిమెంటు తెచ్చుకోమని."

బాబాయి ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. దీపావళి వెళ్ళగానే సిమెంటు బస్తాలు వచ్చి అరుగు మీద కూర్చున్నాయి. పైన తాటాకు చాప కప్పి, దానిమీద ప్లాస్టిక్ పట్టా వేశాడు. మర్నాడు మేస్త్రీ వచ్చాడు. పెద్దమ్మ లోపల కూర్చుని అవసరం లేకపోయినా బియ్యం ఏరుతోంది. ముందు నేల చదును చెయ్యాలి కాబట్టి, అంట్లు తోమే బండ తీయమన్నాడు మేస్త్రీ. బాబాయే పలుగు పెట్టి ఎత్తాడు.

బండ కింద మట్టి నల్లగా, వెన్నలా ఉంది. ఏళ్ళ తరబడి బియ్యం కడిగిన నీళ్ళు, అన్నం మెతుకులు దిగిన మట్టి. అందులో ఎర్రగా, తళతళలాడుతూ, ఒకదాని మీద ఒకటి పడి బుట్టెడు వానపాములు. రెండు దోసిళ్ళు ఉంటాయనుకోండి. నేను వేసిన కేకకు పెద్దమ్మ చేట అక్కడే పడేసి వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి బురదలో గొంతుక్కూర్చుని, "ఇక్కడున్నారా తల్లీ మీరు" అంది. ఆవిడ గొంతు అంత మెత్తగా నేనెప్పుడూ వినలేదు.

బాబాయి పలుగు పక్కన పెట్టాడు. ఒక వానపామును రెండు వేళ్ళతో ఎత్తి వెలుతురులో తిప్పితిప్పి చూశాడు. ఆయన మొహంలో మీసం తప్ప మిగతా అంతా పన్నెండేళ్ళ కుర్రాడిదైపోయింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఎరరా ఇది. గాలానికి గుచ్చే ఎర. ఎన్నాళ్ళైందిరా దీన్ని చూసి. కాలవకు పోదామా?"

మందులు మొదలయ్యాక ఆ చేలల్లో ఎక్కడ తవ్వినా ఎర దొరికేది కాదు. బాబాయి గాలాలు గూట్లోనే తుప్పు పట్టాయి. మేస్త్రీని రేపు రమ్మన్నాడు. ఆ రేపు చాలా రోజులు రాలేదు.

పెద్దమ్మకు విషయం అర్థమైంది. ఆయన కాలవ గట్టున ఉన్నంతసేపు పలుగు ఇక్కడ లేవదు. వానపాముల్ని మళ్ళీ మళ్ళలో చేర్చింది, ఈసారి కారం అంటిన మట్టంతా ఎత్తిపోసి. రోజూ పొద్దున కొబ్బరిచిప్పలో కాసిని ఎంచి మాకు ఇచ్చేది. ముసలివాటిని ఏరి ఇస్తోందని బాబాయి సణిగేవాడు. మేమిద్దరం ఆ చిప్ప పట్టుకుని, ఒక డబ్బాలో పులిహోర పెట్టించుకుని, సాగర్ కాలవకు బయల్దేరేవాళ్ళం. కూర్చోడానికి ఏమైనా ఉంటే బాగుండునని అరుగు మీది ప్లాస్టిక్ పట్టా పట్టుకెళ్ళాం.

రోజూ చేపలు కుప్పలు పడేవి. కార్తీకమాసం కదా, తినకూడదు, చంపితే పాపమని తిరిగి నీళ్ళలో వదిలేసి వచ్చేవాళ్ళం. ఇంట్లోనూ ఊళ్ళోనూ చెప్పింది అది. పెద్దమ్మ చేతులు జోడించి, మంచిపని చేశారు నాయనా, పుణ్యం అనేది. నిజానికి మాకు పడింది ఒక ఎండ్రకాయ, అదీ బాబాయి బొటనవేలికి.

మధ్యలో తుపాను వచ్చి రెండు రోజులు వదలకుండా కురిసింది. పట్టా మాత్రం కాలవ గట్టున ఉండిపోయింది. వాన వెలిశాక అరుగు మీది సిమెంటు బస్తాలను తడితే టంగుమన్నాయి. బస్తాకు బస్తా రాయి. బాబాయి నా వైపు చూశాడు, నేను ఆకాశం వైపు చూశాను. ఆ రాళ్ళను ఇద్దరం దొర్లించుకుంటూ పెరట్లోకి తీసుకెళ్ళి వరసగా పేర్చాం. ఐదో మడికి గోడలయ్యాయి. నా మళ్ళన్నిటిలో వంకర లేనిది అదొక్కటే.

ఆ వానకు వంగ పూత విరగబూసింది. కార్తీకం వెళ్ళేనాటికి నల్లగా మెరుస్తూ కాయలు వేలాడాయి. గంపెడు అని రాస్తే మా పెద్దమ్మ పైనుంచి గరిటె విసురుతుంది. ఒక పూట గుత్తివంకాయకు సరిపోయాయి. ఒప్పందం అంతే కదా. అది వానపాముల మహిమో, వానదో, ఆవిడ పోసిన కుడితిదో నాకిప్పటికీ తెలియదు.

కార్తీకం అయిపోవడంతో మాకో చిక్కు వచ్చిపడింది. ఇక చేపల్ని వదిలేశామని చెప్పడానికి లేదు. ఊరంతా ఎదురుచూస్తోంది. ఆ పూట మధ్యాహ్నం దాకా కూర్చున్నా గాలం కదల్లేదు. అప్పుడే గట్టు మీద సైకిలుకు తెల్లటి థర్మోకోల్ పెట్టె కట్టుకుని చేపలవాడు వచ్చాడు. బాబాయి నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఉన్నవాటిలో పెద్ద చేప తీసుకున్నాం. బాబాయి దాన్ని కాలవలో ముంచి తడిపి, మూతికి గాలం గుచ్చి, భుజాన వేసుకుని నాలుగు వీధులూ తిరిగి ఇంటికి తెచ్చాడు. ఎట్లా లాగింది, ఎట్లా లాగామన్నది ఒక్కో అరుగు దగ్గర ఆగి చెప్పాడు. తను ఎక్కడన్నా తగ్గిస్తే నేను అందించాను.

పెద్దమ్మ చేప తీసుకుని బూడిద రాసి తోమింది. ఆ సాయంత్రం ఇంట్లో చేపల పులుసు వాసన, గుత్తివంకాయలో వేగిన నువ్వుల వాసన. పురుగుమందు వాసన ఎటుపోయిందో తెలియదు. వంకాయను ఆవిడ ముందు ముక్కు దగ్గర పెట్టుకుంది, అలవాటు కొద్దీ. తర్వాత నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. బాబాయి మూడోసారి వడ్డించుకుని, వేళ్ళు నాక్కుంటూ, మంచి సమయం చూసి మొదలుపెట్టాడు. వంకాయ బ్రహ్మాండంగా ఉంది, కాదనను, కానీ మళ్ళు ఉన్నంతమేర వదిలేసి మిగతా సగం సిమెంటు చేయిస్తే నీకొచ్చే నష్టమేముంది వదినా అన్నాడు.

పెద్దమ్మ ఆయన విస్తట్లో ఇంకో చేప ముక్క వేసింది.

"చేయించుకో అబ్బాయ్, నాకేం. ఒక్క సంగతి చెప్పు. తోమేటప్పుడు దీని మొప్పల్లో ఇంత ఐసు ముక్క దొరికింది. మన కాలవలో ఐసు ఎప్పటినుంచి పారుతోంది?"

బాబాయి చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. నాకు పొలమారింది. ఆవిడ నా నెత్తిమీద తట్టి మంచినీళ్ళు అందించింది. ఇక ఆ ఇంట్లో సిమెంటు మాట ఎవరూ ఎత్తలేదు. బాబాయి కల్లం చేలోనే కట్టుకున్నాడు.

మిల్లు తెరిచాక నేను గుంటూరు వచ్చేశాను. తర్వాత చాలా ఏళ్ళు, వీలైనప్పుడల్లా ఆ ఊరు వెళ్తూనే ఉన్నాను. ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు గానీ, కళ్ళు మూసుకుంటే ఆ అరుగు అట్లాగే కనబడుతుంది. ఎవరు కొత్తవాళ్ళు వచ్చినా బాబాయి చేప కథ మొదలుపెట్టేవాడు. మొదట్లో అది మోచేతి పొడవుండేది. నేను వెళ్ళిన ప్రతిసారీ కాస్త పెరిగి, చివరికి ఇద్దరు కావడి వేసుకుని మోసుకొచ్చేంతయింది. అంత పెద్ద చేపా అని విన్నవాళ్ళు అనుమానంగా పెద్దమ్మ వైపు తిరిగేవారు. ఆవిడ పెరట్లోంచి కొంగు నిండా వంకాయలతో వస్తూ ఒక్క క్షణం ఆగి, "అంతకంటే పెద్దదేనయ్యా, తోమినదాన్ని నాకు తెలియదూ" అని లోపలికి వెళ్ళిపోయేది.